మూడు రోజుల దద్దుర్లు

మార్చి మొదటి వారంలో ఒక మంగళవారం పొద్దున్న తల దువ్వుకుంటూ అద్దం చూసుకుంటే దుర్గాశ్రీకి చెంపల మీద సన్నటి గులాబీ రంగు దద్దుర్లు కనిపించాయి. ముందురోజు నుంచే ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. చెవుల వెనక తడిమి చూసుకుంటే సెనగగింజంత గడ్డలు చేతికి తగిలాయి. జడ అల్లుతుంటే వేళ్ళ కణుపులు నొప్పెట్టాయి.

“వేడి చేసిందే. ఆ ల్యాబులో ఏసీ, బయట ఈ ఎండ. రెండు బోండాలు తాగు, అదే పోద్ది,” అంది తల్లి చిన్నమ్మాయి.

దుర్గాశ్రీ నరసాపురంలో ఒక డయాగ్నస్టిక్ సెంటరులో ల్యాబ్ టెక్నీషియన్. ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళ ఊరి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. రోజూ నలభై యాభై మంది చేతుల్లోంచి రక్తం తీస్తుంది. డెంగీ దోమ పగలే కుడుతుందని, టైఫాయిడ్ నీళ్ళతో వస్తుందని, టీబీ దగ్గితే గాలిలో పాకుతుందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఓపిగ్గా చెబుతుంది. ఆ పొద్దున్న తన ముఖం మీద ఉన్నదేమిటని మాత్రం ఆమె ఆలోచించలేదు. సెలవు పెట్టేంత జ్వరం కాదు. మాస్కు పెట్టుకుంటే దద్దుర్లు కనపడవు. పెట్టుకుని డ్యూటీకి వెళ్ళింది.

సాయంత్రం ఇంటికి రాగానే మాస్కు తీసేసింది.

వదిన సత్యవేణి మంచం మీద పడుకుని ఉంది. ఆమె దుర్గాశ్రీ అన్న దొరబాబు భార్య. కాపురానికి వచ్చి ఏడాది. వదినా మరదళ్ళిద్దరిదీ ఒకటే ఈడు కావడంతో మొదటి నెలలోనే స్నేహం కలిసిపోయింది. దొరబాబు కొబ్బరికాయల వ్యాపారం మీద లోడులతో ఊళ్ళు తిరుగుతుంటాడు. అతను ఇంట్లో లేని రోజుల్లో వీళ్ళిద్దరూ ఒకే మంచం మీద తలకి తల ఆనించుకుని ఫోన్లో వంటలు చూస్తూ నిద్రపోయేవాళ్ళు. నాలుగు రోజుల కిందట సత్యవేణికి నెల తప్పిందని అనుమానం వస్తే, ల్యాబు నుంచి స్ట్రిప్పు తెచ్చి పరీక్ష చేసింది కూడా దుర్గాశ్రీయే. రెండో గీత కనపడగానే మొదట కేక వేసింది ఆమే.

ఆ సాయంత్రం సత్యవేణికి వాంతులతో ఏదీ నోటికి పట్టలేదు. దుర్గాశ్రీ ఒక జామకాయకి ఉప్పూ కారం అద్ది తెచ్చింది. ఇద్దరూ చెరో కొరుకూ కొరుక్కుని తిన్నారు. “నీ ముఖమేంటి అలా కందిపోయింది?” అని సత్యవేణి చేత్తో చెంప నిమిరింది. మూడో రోజుకల్లా దద్దుర్లు మాయమయ్యాయి. చిన్నమ్మాయి బోండాల మహిమ అంది.

తర్వాత రెండు వారాలు దాటాక, ఒక ఆదివారం సత్యవేణి పెరట్లోంచి నవ్వుతూ వచ్చింది. చేతుల నిండా, మెడ కింద అవే దద్దుర్లు.

“ఇదిగో దుర్గా, నీ వేడి నాకూ అంటించేశావ్!”

“వేడి అంటుద్దా ఎక్కడైనా!” అని చిన్నమ్మాయి నవ్వింది. దుర్గాశ్రీ కూడా నవ్వింది. ఆ తర్వాత చాలా నెలలపాటు, రక్తం తీస్తూనో బట్టలు ఆరేస్తూనో ఉన్నప్పుడు హఠాత్తుగా ఆ నవ్వు గుర్తొచ్చి ఆమె చేతులు ఆగిపోయేవి.

*

ఏప్రిల్ మొదట్లో తెలిసింది.

చిన్న పరీక్షలన్నీ వాళ్ళ ల్యాబులోనే చేస్తారు. పెద్దవాటికి శాంపిల్స్ రాజమండ్రి పంపుతారు, రిపోర్టులు మెయిల్లో వస్తాయి. ఆ రోజు ఇన్‌ఛార్జి ఉదయ్‌కుమార్ గారు రిపోర్టులు ప్రింటు తీస్తూ ఒక కాగితం దగ్గర ఆగారు.

“ఈ రుబెల్లా ఏంటమ్మా, ఈ నెల రోజుల్లో ఇది మూడోది. ఈవిడకి పది వారాలు కూడాను, పాపం.”

“రుబెల్లా అంటే తట్టు లాంటిదే కదండీ, సార్?”

“అలాంటిదే. కాకపోతే పెద్దవాళ్ళని ఏమీ చెయ్యదు. మూడు రోజులు దద్దుర్లు, కాస్త జ్వరం. చాలామందికి వచ్చిందని కూడా తెలీదు. కడుపుతో ఉన్నవాళ్ళకొస్తేనే,” అని ఆయన మాట పూర్తి చెయ్యకుండా కాగితాన్ని కవరులో పెట్టేశారు.

దుర్గాశ్రీ సెంట్రిఫ్యూజులో ట్యూబులు పెట్టి మూత వేసింది. అది తిరుగుతూ ఉంటే పక్కకి వెళ్ళి ఫోన్లో ఆ పేరు కొట్టింది. చెవుల వెనక గడ్డలు. ముఖం మీద మొదలై ఒంటికి పాకే దద్దుర్లు. ఆడవాళ్ళలో వేళ్ళ కణుపుల నొప్పి. దగ్గు, తుమ్ము, మాట తుంపరలతో గాలి ద్వారా వ్యాపిస్తుంది. దద్దుర్లకి వారం ముందు నుంచీ వారం తర్వాత దాకా ఎదుటివాళ్ళకి అంటుతుంది. అంటిన రెండు మూడు వారాలకి బయటపడుతుంది. తన మార్చి నెలని ఎవరో పక్కన కూర్చుని రాసుకున్నట్టు ఉంది. కింద ఇంకా ఉంది. తల్లికి మొదటి మూడు నెలల్లో వస్తే బిడ్డకి గుండె, కళ్ళు, చెవులు, మెదడు. ఆమె ఫోను జేబులో వేసుకుంది. సెంట్రిఫ్యూజు ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక కుర్చీలో కూర్చుని, ఎడమచేతికి పళ్ళతో బ్యాండు బిగించుకుని, తన రక్తం తనే తీసుకుంది. ఉదయ్‌కుమార్ గారికి చెప్పి రాజమండ్రి పంపింది. మూడు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. పాజిటివ్.

ఒక సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. తను ఇంటరు చదివేటప్పుడు పక్క హైస్కూల్లో పిల్లలందరికీ తట్టు, రుబెల్లా కలిపి టీకా వేశారు. కాలేజీ పిల్లలు గోడ మీద నుంచి చూస్తుంటే నర్సమ్మ నవ్వుతూ, “పదిహేనేళ్ళ లోపు వాళ్ళకేనమ్మా, మీరు పెద్దవాళ్ళైపోయారు,” అంది. సూది తప్పిందని వాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

*

మర్నాడు మధ్యాహ్నం చిన్నమ్మాయి డ్వాక్రా మీటింగుకి వెళ్ళినప్పుడు దుర్గాశ్రీ వదినకి చెప్పింది. మెల్లిగా చెబుదామని మాటలు కూడబెట్టుకుంది గానీ చెప్పేటప్పుడు అన్నీ ఒక్కసారే వచ్చేశాయి. సత్యవేణి పప్పు ఏరుతోంది. చివరి దాకా చేట మీద నుంచి చెయ్యి తీయలేదు.

“నీకు వచ్చిందే నాకు వచ్చిందంటావా?”

“రక్తం తీస్తే తెలుస్తుంది వదినా.”

“తియ్యి.”

అదీ పాజిటివే వచ్చింది.

భీమవరంలో సత్యవేణిని చూసే డాక్టరు మంజుష గారు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. దొరబాబు వాళ్ళని ఆసుపత్రి దగ్గర దింపి మార్కెట్టుకి వెళ్ళాడు.

“ఇంజక్షను ఏదైనా ఉందాండీ?” అని దుర్గాశ్రీ అడిగింది.

“ఉంది. గర్భం రాకముందు వేసుకునుంటే ఇది వచ్చేది కాదు. గర్భంతో ఉండగా వెయ్యకూడదు. ఒకసారి వచ్చాక మందు లేదు.” ఆవిడ సత్యవేణి వైపు తిరిగారు. “చూడమ్మా, నీకు తొమ్మిదో వారంలో వచ్చింది. ఆ వారాల్లో వస్తే నూటికి ఎనభై తొంభై మంది బిడ్డలకి ఏదో ఒక లోపం ఉంటుంది. వద్దనుకుంటే చట్టం ఒప్పుకుంటుంది, టైముంది. ఉంచుకోవాలనుకుంటే నేను చూస్తాను. ఎలాగైనా మీ ఆయనతో మాట్లాడి చెప్పు.”

“నూటికి తొంభై మందికంటే, మిగిలిన పదిమందికీ ఏమీ కాదు కదండీ?”

“కాదు.”

సత్యవేణి తలూపింది. బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. దుర్గాశ్రీ పక్కన కూర్చోబోతూ, ఇప్పుడు కూర్చోవచ్చా లేదా అని ఒక్క క్షణం తడబడింది.

“కూర్చో. ఇంకేం అంటుద్ది నాకు,” అంది సత్యవేణి. ఆమె కూర్చోగానే చెయ్యి పట్టుకుంది. “మీ అన్నయ్యకి చెబితే తీయించెయ్యమంటారు. నాకు తెలుసు. అత్తయ్యగారికి చెబితే నిన్ను బతకనివ్వరు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. మాటివ్వు.”

“వదినా, అన్నయ్యకైనా—”

“నువ్వు తెచ్చావు దుర్గా దీన్ని. నేను అడిగింది ఇదొక్కటే.”

దుర్గాశ్రీ మాటిచ్చింది.

*

ఆ ఎండాకాలం ఆ ఇంట్లో అందరికంటే సంతోషంగా ఉన్నది చిన్నమ్మాయి. కోడలికి ఇష్టమని చందువా చేపల పులుసు పెట్టేది, ముంజలు కొట్టించేది. ఐదో నెల స్కానింగులో గుండె దగ్గర ఏదో సరిగా కనపడలేదన్నారు. ఇంకో నెల తర్వాత మళ్ళీ తీసి పరవాలేదన్నారు. కళ్ళ సంగతీ చెవుల సంగతీ పుట్టేదాకా చెప్పలేమన్నారు. దొరబాబు స్కానింగు ఫోటోని ఫోను మీద పెట్టుకున్నాడు. దుర్గాశ్రీ అన్న ఫోను ఎప్పుడు మోగినా తల పక్కకి తిప్పుకునేది.

ల్యాబులో ఆమె ఒక కొత్త అలవాటు చేసుకుంది. పెళ్ళి కుదిరిందని తెలిసిన ఏ అమ్మాయి రక్తపరీక్షకి వచ్చినా, “చిన్నప్పుడు రుబెల్లా టీకా వేయించారామ్మా?” అని అడిగేది. కొందరు అమ్మని అడిగి చెబుతామనేవాళ్ళు. కొందరు నవ్వేసి వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళిపోయినవాళ్ళ వెనక గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ చెప్పేది. ఉదయ్‌కుమార్ గారు వింటూ ఊరుకునేవారు.

సెప్టెంబరులో చంద్రగ్రహణం వచ్చింది. కడుపుతో ఉన్న మనిషి కదలకూడదని చిన్నమ్మాయి సత్యవేణిని గదిలో పెట్టి తలుపులేసింది. ఇంతలో కరెంటు పోయింది. ఎనిమిదో నెల కడుపుతో ఆ ఉక్కలో ఊపిరాడక సత్యవేణి పెరటి తలుపు తీసి అయిదు నిమిషాలు గుమ్మంలో నిలబడింది. చిన్నమ్మాయి చూసి లోపలికి లాగింది. అప్పటికి అంతే.

అక్టోబరు చివర, తుఫాను వెలిసిన మూడో రోజు ఆడపిల్ల పుట్టింది. రెండు కేజీలు లేదు. పన్నెండు రోజులు అద్దాల పెట్టెలో పెట్టి పంపారు. ఇంటికి తెచ్చిన రోజున దొరబాబు ఫోనుతో ఫ్లాషు వేసి ఫోటో తీశాడు. కుడికంటి పాప ఎర్రగా మెరిసింది. ఎడమకంటి పాప తెల్లగా ఉంది. పాడైన ఫోటో అనుకుని ఇంకొకటి తీశాడు. అందులోనూ అంతే.

కంట్లో పుట్టుకతోనే శుక్లం ఉందన్నారు. గుండెలో మూసుకోవాల్సిన చిన్న దారి మూసుకోలేదన్నారు. పిల్లల డాక్టరు దొరబాబుతో, “కడుపులో ఉండగా తగిలిన ఇన్ఫెక్షను,” అని చెప్పాడు. అతను ఆ మాటని తలాడించి విని, మందులు తేవడానికి వెళ్ళాడు. అప్పుడు డాక్టరు సత్యవేణికీ దుర్గాశ్రీకీ ఇంకొకటి చెప్పాడు.

“ఈ వైరసు పాప ఒంట్లో ఇంకా ఉంది. గొంతులో, మూత్రంలో. ఏడాది దాకా ఉండొచ్చు. మీ ఇద్దరికీ ఒకసారి వచ్చేసింది కాబట్టి భయం లేదు. కడుపుతో ఉన్నవాళ్ళు ఎవర్నీ పాప దగ్గరికి రానివ్వకండి. నెల తప్పిన వాళ్ళని కూడా.”

ఇంటికి వెళ్ళే దారిలో సత్యవేణి, “మన వీధిలో ఎవరున్నారు అలాగ?” అని అడిగింది.

“ఎవరూ లేరు,” అంది దుర్గాశ్రీ. అప్పటికి అది నిజమే.

*

చూడటానికి వచ్చిన ప్రతి మనిషికీ చిన్నమ్మాయి గ్రహణం సంగతి చెప్పేది. “అయిదు నిమిషాలమ్మా! తలుపు తియ్యొద్దే అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. తీసింది. చంద్రుణ్ణి చూసింది. పిల్ల కంట్లో పడింది.” సత్యవేణి పాపని ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని వినేది. దుర్గాశ్రీ నోరు తెరవబోతే తలెత్తి చూసేది. ఆ చూపుకి దుర్గాశ్రీ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఇరవయ్యొకటో రోజున బారసాల పెట్టారు. దానికి నాలుగు రోజుల ముందు ల్యాబుకి ప్రసన్నకుమారి వచ్చింది. ఆమె వాళ్ళ పక్కింటి సుభద్రమ్మ గారి కోడలు. ఆగస్టులో పెళ్ళయింది. పరీక్ష చూసి, “పాజిటివే ప్రసన్నా,” అని దుర్గాశ్రీ చెప్పగానే ఆ అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది.

“అక్కా, మూడో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దండి. మా అత్తగారికి కూడా. ఆవిడకి తెలిస్తే ఊరంతా తెలిసిపోద్ది.”

“చెప్పను. నువ్వు మాత్రం ఇంకో పని చెయ్యి. మా ఇంటికి రాకు. బారసాలకి కూడా రాకు.”

ప్రసన్న ముఖం చిన్నబోయింది. “ఎందుకండి?”

వదినకి ఇచ్చిన మాట దుర్గాశ్రీకి అడ్డం వచ్చింది. “పాపకి ఒంట్లో బాగోలేదు కదా. నీకు మంచిది కాదు. నేను చెబుతున్నాను, రాకు అంతే.”

అంతకన్నా చెప్పలేకపోయింది. ఆ మాట చాలుతుందని అనుకుంది.

బారసాల రోజున ఇంటినిండా ఆడవాళ్ళు. పాప ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి మారుతోంది. దుర్గాశ్రీ కాఫీ గ్లాసుల పళ్ళెంతో వస్తూ ఎవరెవరు ఉన్నారో ఒక్కొక్కరినీ చూసుకుంటోంది. సుభద్రమ్మ గారు లోపలికి వచ్చారు. ఆవిడ వెనక, కొత్త పట్టుచీర కట్టుకుని, తల వంచుకుని ప్రసన్న. అత్తగారు బయల్దేరమంటే రానని చెప్పడానికి ఆ అమ్మాయికి కారణం దొరకలేదు.

చిన్నమ్మాయి ఆమెని చూడగానే మెరిసిపోయింది. “రా అమ్మా రా! కొత్త పెళ్ళికూతురివి, పాపని ఒళ్ళో పెట్టుకో. ఏడాది తిరక్కుండా నీకూ పుడుతుంది.”

ప్రసన్న రెండడుగులు వెనక్కి వేసింది. సుభద్రమ్మ గారు నవ్వుతూ ఆమె భుజం పట్టుకుని చాప మీద కూర్చోబెట్టారు. చిన్నమ్మాయి పాపని ఎత్తింది. పాప తుమ్మింది.

“అమ్మా, ఆగు!”

పళ్ళెం కింద పడింది. దుర్గాశ్రీ ఒక్క అంగలో వచ్చి తల్లి చేతుల్లోంచి పాపని తీసుకుంది.

“ఏంటే నీకు? పిచ్చా?”

“జలుబు చేసిందే పాపకి. ఎవరికీ ఇవ్వొద్దు.”

“జలుబైతే ఏంటి? కొత్త పెళ్ళికూతురి ఒళ్ళో పెట్టి తీసేస్తాం. ఇలా ఇయ్యి.”

చిన్నమ్మాయి చేతులు చాపింది. దుర్గాశ్రీ ఇవ్వలేదు. గదిలో ఆడవాళ్ళందరూ ఆమెనే చూస్తున్నారు. గుమ్మం దగ్గర దొరబాబు కూడా వచ్చి నిలబడ్డాడు. సత్యవేణి గోడకి ఆనుకుని కూర్చుని, కళ్ళతోనే వద్దంటోంది. దుర్గాశ్రీ ఆమె వైపే చూస్తూ చెప్పింది.

“పాప కంట్లో పడింది గ్రహణం కాదమ్మా. రుబెల్లా అని ఒక జబ్బు. మార్చిలో నాకు దద్దుర్లొచ్చాయి చూడు, వేడన్నావు, అదే. నా దగ్గర్నుంచి వదినకి, వదిన దగ్గర్నుంచి పాపకి. తలుపు తీసినందుకు రాలేదు. నా పక్కన పడుకున్నందుకు వచ్చింది. అది పాప ఒంట్లో ఇంకా ఉంది. మనకేం కాదు. కడుపుతో ఉన్నవాళ్ళకి గాలిలో అంటితే వాళ్ళ బిడ్డకీ ఇదే అవుద్ది. ఒకవేళ నెల తప్పి ఉంటే వాళ్ళకే తెలియకపోవచ్చు కూడా. అందుకని పెళ్ళయిన ఆడపిల్లలెవరూ పాప దగ్గరికి రావద్దు.”

ఆమె ప్రసన్న పేరు ఎత్తలేదు. ఆ వైపు చూడను కూడా లేదు. కానీ అందరూ ప్రసన్న వైపే తిరిగారు. ఆ అమ్మాయి చెయ్యి తనకి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్ళింది.

సుభద్రమ్మ గారు ఆ చేతిని చూశారు. ఆవిడ గొంతు కీచుగా వచ్చింది. “నిన్న మధ్యాహ్నం! నువ్వు డ్యూటీలో ఉండగా బెల్లం ఇద్దామని తీసుకొచ్చాను దీన్ని. అరగంట ఎత్తుకుంది కదే పాపని! ముద్దులు కూడా పెట్టింది!”

దుర్గాశ్రీ ప్రసన్న వైపు చూసింది. “అత్తగారు ఎత్తుకోమన్నారక్కా,” అంది ప్రసన్న.

*

అందరూ వెళ్ళిపోయాక పాపకి పేరు పెట్టకుండానే ఆ పూట గడిచింది.

“నీకెప్పుడు తెలుసు?” అని దొరబాబు భార్యని అడిగాడు.

“ఏప్రిల్ నుంచండి.”

అతను వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుని బండి తీసుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఇంటికి రాలేదు.

సత్యవేణి అరవలేదు, ఏడవలేదు. “మాటిచ్చావు నాకు,” అంది.

“ఇచ్చాను.”

“ఆ అమ్మాయిని బయటికి పిలిచి చెప్పొచ్చుగా. అందరి ముందూ నన్ను నిలబెట్టావు.”

“ల్యాబులోనే సరిగా చెప్పుండాల్సింది వదినా. నీకిచ్చిన మాట కోసం సగమే చెప్పాను. ఆ సగం చాల్లేదు.”

సత్యవేణి దుర్గాశ్రీ చేతిలోంచి పాపని తీసుకుని గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. ఆ రోజు నుంచి మరదలితో మాట్లాడటం మానేసింది.

మర్నాడే దుర్గాశ్రీ ప్రసన్న రక్తం తీసింది. రిపోర్టు రావడానికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ సుభద్రమ్మ గారి ఇంట్లోంచి ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఎవరిదో తెలిసేది కాదు. మూడో రోజున ఉదయ్‌కుమార్ గారు మెయిలు తెరిచి, ముందు తను చదివి, తర్వాత కుర్చీ జరిగి దుర్గాశ్రీకి చోటిచ్చారు. కొత్తగా అంటిన గుర్తు లేదు. రక్షణ ఉంది. ప్రసన్న దుర్గాశ్రీకంటే రెండేళ్ళు చిన్నది. ఆ టీకా వేసిన ఏడాది తొమ్మిదో తరగతి చదువుతోంది. బొటనవేలికి నల్ల సిరా గుర్తు పెట్టారని, స్నానం చేసినా పోలేదని ఆ అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది.

దుర్గాశ్రీ ఆ కాగితం పట్టుకుని వాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళింది. సుభద్రమ్మ గారు దాన్ని చీర కొంగుతో పట్టుకుని తీసుకున్నారు.

“కాగితానికి ఏమీ అంటదండి.”

“ఏమోనమ్మా. ఏది అంటుద్దో ఏది అంటదో మాకేం తెలుసు,” అని గేటు వేసేశారు.

వీధంతా అలాగే అయింది. పాలు పోసేవాళ్ళు గిన్నె గోడ మీద పెట్టి వెళ్ళేవాళ్ళు. వీళ్ళ ఇంటి కొబ్బరికాయలు వద్దని ఒకరు తిప్పి పంపారు. మగవాళ్ళు కూడా ఇంటి ముందుకి రాగానే రోడ్డు దిగి అవతలి వారన నడిచేవాళ్ళు. భయపడాల్సినవాళ్ళు నలుగురుంటే నలభై మంది భయపడ్డారు. ఆ నలుగురూ ఎవరో మాత్రం ఎవరూ పైకి చెప్పలేదు.

ఒకరోజు దుర్గాశ్రీ డ్యూటీ నుంచి వచ్చేసరికి చిన్నమ్మాయి అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. మూడు వారాలుగా కూతురితో ముక్తసరిగానే మాట్లాడుతోంది.

“ఇలా కూర్చో. అదెలా అంటుద్దో నాకు మొదట్నుంచీ చెప్పు. మెల్లిగా చెప్పు.”

దుర్గాశ్రీ చెప్పింది. చిన్నమ్మాయి మధ్యలో ఆపి ఆపి అడిగింది. ఉయ్యాల గుడ్డలు ఎక్కడ ఉతకాలి, ఎవరికి ఒకసారి వస్తే మళ్ళీ రాదు, టీకా ఇప్పుడు ఎవరెవరికి వెయ్యొచ్చు, వేశాక ఎన్నాళ్ళు ఆగి బిడ్డని కనొచ్చు. అన్నీ విన్నాక లేచి సత్యవేణి గది తలుపు దగ్గరికి వెళ్ళింది.

“అమ్మాయ్, గ్రహణం అన్నాను. తప్పు,” అని తలుపుకి చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

*

కంటి ఆపరేషనుకి రాజమండ్రిలో డిసెంబరు మధ్యలో తేదీ ఇచ్చారు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ కంటికి చూడటం రాదన్నారు. దొరబాబు లోడుతో వెళ్ళి అటునుంచి ఆసుపత్రికి వస్తానన్నాడు. పాపని జనంలో తిప్పకూడదని దుర్గాశ్రీ ముందే ఊళ్ళో బాడుగకి తిప్పే లాజరు కారు మాట్లాడింది. తెల్లవారాక లాజరు ఫోన్ చేశాడు.

“దుర్గమ్మా, ఏమనుకోకండి. మా ఇంటావిడకి అయిదో నెల. నేను పాపని ఎక్కించుకుని ఇంటికెళ్ళి… నాకు భయంగా ఉందమ్మా.”

అతన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంకో ఇద్దరికి ఫోన్ చేస్తే వాళ్ళూ ఏదో ఒకటి చెప్పారు. టైము దాటిపోతోంది. వదినా మరదళ్ళు పాపని తీసుకుని నరసాపురం బస్టాండుకి వచ్చి రాజమండ్రి బస్సెక్కారు.

ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం కావడంతో బస్సు కిక్కిరిసి ఉంది. ముగ్గురు పట్టే సీటులో కిటికీ పక్కన సత్యవేణి, మధ్యలో దుర్గాశ్రీ కూర్చున్నారు. దుర్గాశ్రీ తన సంచీని మూడో చోట పెట్టి, కనపడిన ప్రతి మనిషినీ తేరిపార చూస్తోంది. పాలకొల్లులో ఇంకో యాభై మంది ఎక్కారు. వాళ్ళలో ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లిగా తోసుకుంటూ వచ్చింది. పొట్ట కొద్దిగా తెలుస్తోంది.

“సంచీ తీస్తారాండీ, నిలబడలేకపోతున్నాను.”

దుర్గాశ్రీ నోరు తెరిచేలోపే ఆ అమ్మాయి వంగి దుప్పట్లోకి చూసింది. “పాపేనాండీ? ఎన్నో నెల?”

సత్యవేణి చటుక్కున పాపని కిటికీ వైపుకి తిప్పేసి తన వీపు అడ్డం పెట్టింది.

“దగ్గరికి రాకమ్మా! వెనక్కి జరుగు!” ఆ గొంతుకి బస్సులో మాటలన్నీ ఆగాయి. “పాపకి రుబెల్లా. కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిది కాదు. నీకు టీకా వేశారో లేదో నీకు తెలీదు. ముందుకెళ్ళిపో. ఎవరైనా ఈ అమ్మాయికి ముందు సీటివ్వండి. మీలో ఇంకెవరైనా కడుపుతో ఉంటే మీరూ ముందుకెళ్ళండి. బాబూ, ఆ కిటికీలన్నీ తియ్యండి.”

ఆ అమ్మాయి బిక్కచచ్చిపోయి ముందుకు వెళ్ళింది. ఎవరో లేచి సీటిచ్చారు. ఆమె వెనక ఇంకొకామె, తర్వాత మరొకామె లేచి ముందుకి తోసుకున్నారు. కిటికీ అద్దాలు ఒక్కొక్కటే టపటప పక్కకి జరిగాయి.

“ఏడాది దాకా అన్నారు కదూ?” అని సత్యవేణి అడిగింది. దాదాపు నెల రోజుల తర్వాత ఆమె మరదలితో అన్న మొదటి మాట అది.

“అవును వదినా. ఇంకా పదిన్నర నెలలు.”

సత్యవేణి పాపని దుర్గాశ్రీ ఒళ్ళోకి మార్చి, చేతులు దులుపుకుని, చెమట తుడుచుకుంది. దుర్గాశ్రీ సంచీ తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుంది. బస్సులో మనిషి మీద మనిషి పడుతున్నా రాజమండ్రి దాకా ఆ ఖాళీ చోట్లో ఎవరూ కూర్చోలేదు.

మర్నాడు పొద్దున్న ఎడమకంటికి ఆపరేషను చేశారు. బాగానే జరిగిందన్నారు. ఎంత చూపు వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. చెవుల పరీక్షకి ఫిబ్రవరిలో రమ్మన్నారు.